మిలిటరీ జీపా, మిలిటరీ రంగు జీపా? కొనేముందు తేల్చుకోవలసినవి

పాత జీపుల వ్యాపారంలో "ఇది మిలిటరీ బండి అండీ" అన్నంత తేలిగ్గా ధర పెంచే మాట మరొకటి లేదు. ఆకుపచ్చ రంగు కొట్టి, బానెట్ మీద యుద్ధకాలపు మిత్రరాజ్యాల గుర్తయిన తెల్ల నక్షత్రం దించి, వెనక ఒక జెర్రీ క్యాన్ (పెట్రోలు డబ్బా) బిగించి, పక్కన పార, గొడ్డలి కట్టేస్తే మన ఊరి గుత్తేదారు తిప్పిన జీపు కూడా బర్మా యుద్ధం చూసొచ్చినట్టే కనిపిస్తుంది. ఆ సరంజామా అంతా బజారులో కొత్తది దొరుకుతుంది.

కాబట్టి "మిలిటరీదేనా?" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు, దాన్ని మూడుగా విడదీసి అడగాలి. ఇది సైన్యం కోసం తయారైన బండా? సైన్యంలో నిజంగా పనిచేసిందా? పనిచేస్తే ఎక్కడ, ఏ దళంలో? మొదటి ప్రశ్నకు ఇనుము జవాబు చెబుతుంది. రెండోదానికి కాగితం కావాలి. మూడోదానికి చాలా సందర్భాల్లో అమ్మేవారి నోటిమాట తప్ప ఏ ఆధారమూ ఉండదు. మొదటిదానికి రుజువు చూపించి మూడోదానికి డబ్బు అడగడం ఈ బేరాల్లో మామూలే.

మన దగ్గర ఈ పేరుతో అమ్మకానికి వచ్చేవి ప్రధానంగా నాలుగు రకాలు: రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ ఎంబీ లేదా దాని జంట ఫోర్డ్ జీపీడబ్ల్యూ; ఆ తర్వాతి సివిల్ సీజే వరుస జీపులు (వాటిలో ముఖ్యంగా మహీంద్రా 3బీ); జబల్‌పూర్ జోంగా; సైన్యం వేలంలో వదిలించుకున్న మారుతీ జిప్సీ. నాలుగింటికీ ఒకే పరీక్ష పనికిరాదు. విల్లీస్ దగ్గర అనుమానించాల్సింది ఇనుమును. జోంగా దగ్గర ఇనుము గురించి బెంగ అక్కర్లేదు, కాగితాలనే అనుమానించాలి. 3బీ విషయంలో రెండింటినీ నమ్మకూడదు.

యుద్ధకాలపు జీపు

1941 నుంచి 1945 వరకు విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డ్ సుమారు 2,77,000 జీపులు తయారు చేశాయి. డిజైను ఒకటే, కంపెనీలు రెండు. బర్మా సరిహద్దు పోరు కోసం వచ్చినవాటిలో చాలా బండ్లు యుద్ధం అయ్యాక ఇక్కడే డిస్పోజల్ కింద అమ్ముడుపోయాయి. అందువల్ల మన దేశంలో అసలైన ఎంబీ దొరకడం అసాధ్యమేమీ కాదు, అరుదు మాత్రమే.

మొదట చూడాల్సింది స్టీరింగ్. ఎంబీ అయినా జీపీడబ్ల్యూ అయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినవన్నీ ఎడమచేతి స్టీరింగ్ బండ్లే. కుడివైపు స్టీరింగ్‌తో "యుద్ధం నాటి జీపు" అని చూపిస్తే, తర్వాత మార్పించారన్నా అయి ఉండాలి, అసలది ఎంబీయే కాదన్నా అయి ఉండాలి. మార్పించారని చెబితే డాష్‌బోర్డు వెనక, చాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) ఎడమ పట్టీ మీద పాత స్టీరింగ్ బాక్సు బిగించిన బోల్టు రంధ్రాలు చూపించమని అడగండి.

ముందు గ్రిల్ లెక్కపెట్టడం అందరికీ తెలిసిన పరీక్ష. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది చీలికలు, సివిల్ సీజేకు ఏడు. హెడ్‌లైట్లు ఎంబీలో చిన్నవి, గ్రిల్ లోపలికి కూర్చుంటాయి. మర విప్పి వెనక్కి తిప్పితే రాత్రివేళ ఇంజిన్ మీద వెలుతురు పడేలా వాటిని అమర్చారు. సివిల్ సీజే వరుసలో మొదట వచ్చిన సీజే-2ఏ లైట్లు పెద్దవి, బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అయితే గ్రిల్ మార్చడం ఒక్క పూట పని. తొమ్మిది చీలికలు కనిపించగానే సంబరపడితే బేరం అక్కడే చేజారుతుంది.

బాడీ చూస్తే మరికొంత తెలుస్తుంది. ఎంబీకి వెనక తెరుచుకునే తలుపు లేదు. వెనక రేకు ఒకే పలక, దాని మీద స్టెప్నీ, జెర్రీ క్యాన్ బిగిస్తారు. సీజే-2ఏకు వెనక తలుపు ఉంటుంది, స్టెప్నీ పక్కకు పోతుంది. ఎంబీలో వెనక చక్రాల మీద రెండు మూలల్లో మూతలున్న పనిముట్ల అరలు ఉంటాయి. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే, సీటు ఎత్తి పోయాలి. సీజేలో పోసే మూత బయటికి వచ్చింది. వెనక తలుపు కోసి, మళ్లీ రేకు అతికి మూసిన జీపులు కనిపిస్తాయి. లోపలివైపు చేత్తో తడిమితే వెల్డింగ్ గీత, దాని మీద పుట్టీ వేలికి తగులుతాయి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఫిలిప్పీన్స్‌లో యుద్ధకాలపు కొలతలతోనే కొత్త బాడీలు తయారు చేసి ప్రపంచమంతా అమ్ముతున్నారు. అరలు, మూతలు, పిడులు అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. అలాంటి బాడీ వేసుకోవడం తప్పేమీ కాదు, తుప్పు తినేసిన జీపును బతికించడానికి అదే దారి కావచ్చు. కానీ దాన్ని చరిత్రకు సాక్ష్యంగా లెక్కించకూడదు.

సాక్ష్యం చాసిస్‌లో ఉంది. ముందు బంపర్ దగ్గర నేల మీద కూర్చుని, రేడియేటర్ కిందుగా రెండు చాసిస్ పట్టీలను కలిపే అడ్డ కమ్మీని చూడండి. అది గుండ్రటి గొట్టమైతే విల్లీస్ చాసిస్, బోర్లించిన తొట్టి ఆకారంలో పలకగా ఉంటే ఫోర్డ్ చాసిస్. గ్రిల్ మార్చినంత సులువుగా దీన్ని ఎవరూ మార్చలేరు. తర్వాత నంబరు వెతకాలి. విల్లీస్‌లో అది ఎడమ చాసిస్ పట్టీ లోపలివైపు, బంపర్ వెనక రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. ఆ రేకు ఊడిపోయిన బండ్లు చాలా ఉన్నాయి, కొత్తగా కొట్టించిన రేకులూ ఉన్నాయి. ఫోర్డ్ మాత్రం జీపీడబ్ల్యూ అన్న అక్షరాలతో సహా నంబరును చాసిస్ ఇనుము మీదే గుద్దింది, ఎడమ పట్టీ పైభాగాన. గరుకు కాగితంతో రంగు తీసి, నిఖార్సయిన వెలుతురులో అడ్డంగా టార్చి వేసి చూస్తే తుప్పు కింద నుంచి కూడా అక్షరాలు పైకి తేలతాయి. ఈ ఒక్క కారణంతో, రెండూ సమాన స్థితిలో ఉంటే నేను ఫోర్డ్‌కే ఓటేస్తాను.

ఫోర్డ్‌కు మరో ముద్ర కూడా ఉంది. ఆ కంపెనీ తాను చేసిన విడిభాగాల మీద, బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం గుద్దించింది. ఎఫ్ బోల్టులు దండిగా ఉన్న ఫోర్డ్ చాసిస్ బండి దొరికితే ఆగి చూడాల్సిందే. విల్లీస్ చాసిస్ మీద ఎఫ్ భాగాలు కనిపించినంత మాత్రాన నకిలీ అనుకోకండి. సైనిక వర్క్‌షాపుల్లో ఏది చేతికొస్తే అది బిగించి బండిని తిరిగి పంపేవారు. రెండు కంపెనీల భాగాలు కలిసిపోవడం నిజంగా పనిచేసిన జీపు లక్షణం. ప్రతి బోల్టూ తళతళలాడుతూ ఒకే జాతిది అయితే అది ఈమధ్య కేటలాగు చూసి కూర్చిన బండి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఆర్‌సీలో రాసిన చాసిస్ నంబరు చూసి "ఆరంకెలుంది, కాబట్టి ఎంబీ" అని తేల్చేవాళ్లున్నారు. ఎంబీ నంబర్లు 100001 దగ్గర మొదలయ్యాయి, నిజమే. అయితే 1945లో 10001తో మొదలైన సీజే-2ఏ 1949 వచ్చేసరికి రెండు లక్షలు దాటింది. అంటే లక్షకు, రెండు లక్షల ఇరవై వేలకు మధ్య ఉన్న నంబరు రెండింటిలో ఏదైనా కావచ్చు. అంకెల ముందు ఎంబీ అన్న అక్షరాలు ఉన్నాయా, అవి బండి మీద ఉన్నాయా, గుమాస్తా కలం మీదే పుట్టాయా అన్నది తేలాలి.

గ్లవ్‌బాక్స్ మూత మీద ఉండే రేకు పలకలు చూడముచ్చటగా ఉంటాయి. బండి పేరు, గేర్లు వేసే పద్ధతి, సైన్యానికి అప్పగించిన తేదీ వాటి మీద ఉంటాయి. కొత్తవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తేదీ మనకు నచ్చింది గుద్దించుకోవచ్చు. అందుకే ఆ తేదీని నమ్మడానికి వాడకండి, అబద్ధం పట్టుకోవడానికి వాడండి. నాలుగు లక్షలు దాటిన ఎంబీ నంబరు యుద్ధం చివరి దశది. దాని మీద పలక 1942 అని చెబుతుంటే, ఆ పలక వేరే చోటు నుంచి వచ్చిందని అర్థం.

ఇక రంగు. బయటి రంగు ఏమీ చెప్పదు, లోపలి పొరలు చాలా చెబుతాయి. సీటు కింద, డాష్‌బోర్డు వెనక, బానెట్ కీలు చాటున ఒక గోరంత చోట, యజమాని అనుమతితో, మెల్లగా గీకించండి. పై ఆకుపచ్చ కింద తెలుపో నీలమో వస్తుంది, అది సివిల్ జీవితం. దాని కిందా, ఇనుముకు అంటుకుని అట్టడుగున మెరుపులేని ముదురు ఆకుపచ్చ వస్తే మంచి శకునం. అట్టడుగున పసుపు ఛాయ గోధుమరంగు తగిలితే అది సీజే-2ఏ మొదటి సివిల్ రంగుల్లో ఒకటి కావచ్చు. అమెరికా సైన్యం జీపుల బానెట్ పక్కల 20తో మొదలయ్యే నంబరు రాసేది, లెండ్-లీజ్ (మిత్రదేశాలకు అమెరికా యుద్ధ సామగ్రి ఇచ్చిన ఏర్పాటు) కింద బ్రిటిష్ సైన్యానికి వెళ్లినవాటికి 'ఎం' అక్షరంతో మొదలయ్యే నంబర్లు ఉండేవి. పొరలు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఆ అంకెల నీడ బయటపడ్డ బండ్లు ఉన్నాయి. బానెట్ కూడా మార్చగలిగేదే అనుకోండి, అయినా కొత్తగా స్టెన్సిల్ పెట్టి రాసిన నంబరు కంటే రంగు కింద దొరికిన సగం అంకెకు విలువెక్కువ.

ఇంజిన్ గురించి ఒక్క మాట చాలు. 2.2 లీటర్ల పాత పెట్రోలు ఇంజిన్‌తో మన దగ్గర ఎంబీ దొరికితే అదృష్టం. చాలామంది మైలేజీ కోసం ఏనాడో డీజిల్ ఇంజిన్ వేయించేశారు. ఇంజిన్ మారినంత మాత్రాన చాసిస్ చరిత్ర చెరిగిపోదు, ధర మాత్రం తగ్గాలి. మారిన ఇంజిన్ ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూసుకోవాలి.

సీజే, మహీంద్రా 3బీ: అసలు తికమక ఇక్కడే

మన పల్లెల్లో "మా తాతగారి మిలిటరీ జీపు" అని చెప్పేవాటిలో ఎక్కువభాగం ఈ కోవలోవే. ఎత్తయిన బానెట్ ఉంటే అది 3బీ. కొత్త రకం ఎత్తు ఇంజిన్ పట్టడానికి 1953లో విల్లీస్ బానెట్‌ను పైకి లేపింది, ఆ నమూనానే మహీంద్రా దశాబ్దాల పాటు ఇక్కడ తయారు చేసింది. అంటే 3బీకి రెండో ప్రపంచ యుద్ధంతో సంబంధం ఉండే అవకాశమే లేదు. దాని బానెట్ మీద 1944 నాటి తెల్ల నక్షత్రం వేసి తిప్పడం యజమాని సరదా. అది చూపించి ధర పెంచితే మాత్రం నవ్వి లేచి రావడమే.

అయితే 3బీకి సైనిక చరిత్ర అసలే ఉండదని కాదు. స్వతంత్ర భారత సైన్యం ఈ జీపులను విరివిగా వాడింది. ఇబ్బందేమిటంటే అదే ఫ్యాక్టరీ అదే బండిని పోలీసులకూ, అటవీ శాఖకూ, నీటిపారుదల శాఖకూ, రైతులకూ అమ్మింది. 1959లో షాద్‌నగర్‌లో మొదలైన పంచాయతీ సమితుల (మండల పరిషత్తులకు ముందున్న స్థానిక పాలనా సంస్థల) కాలం గుర్తున్నవారికి సమితి జీపు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మన జిల్లాల్లో వేలంలో చేతులు మారిన ప్రభుత్వ జీపు అంటే సమితిదో, పోలీసులదో, ఆరోగ్య శాఖదో అయ్యే అవకాశం, సైన్యానిది అయ్యే అవకాశం కంటే ఎక్కువ. తరాలు గడిచేకొద్దీ "గవర్నమెంటు వేలంలో కొన్నాం" అన్న మాట "మిలిటరీ వేలంలో కొన్నాం"గా మారిపోతుంది. అబద్ధమాడాలని ఎవరూ అనుకోరు, జీపుకు ఆ పేరు అతికినట్టు సరిపోతుంది, అంతే.

ఇనుము మీద కొన్ని ఆనవాళ్లు వెతకవచ్చు. సైన్యపు బండ్లలో వెనక డిఫరెన్షియల్‌కు (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండుకు) తెల్ల రంగు వేసి, దాని మీద వెలుగు పడేలా చిన్న దీపం పెడతారు, రాత్రి కాన్వాయ్‌లో వెనక బండి దాన్ని చూసుకుంటూ నడుస్తుంది. చక్రాల పైన రేకు మీద టైరు గాలి ఎంతో స్టెన్సిల్‌తో రాస్తారు. ఆ దీపం తీగ, స్విచ్చి రంధ్రం, బంపర్ మీద దళం గుర్తు వేసిన చదరం తాలూకు పాత పొర, ఇవి మిగిలి ఉంటే ఆసక్తికరమే. కానీ ఇవేవీ ఫైలు కాగితానికి సాటి రావు. కాగితం లేని 3బీకి సివిల్ ధరే ఇవ్వండి. ఆనవాళ్లన్నీ ఉన్నా సరే.

ఇంకో జాతి కూడా ఉంది. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల పాత చాసిస్, కొత్త బాడీ, ఇంకో బండి ఇంజిన్ కలిపి కూర్చిన జీపులు. నడపడానికి హుషారుగానే ఉండవచ్చు. చరిత్ర కోసం వెతికేవారు అటు చూడనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండి స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చడానికి ఒప్పుకోదు, కనుక నడపడానికి కొనేవారూ ఆలోచించుకోవాలి.

జోంగా, జిప్సీ

జోంగా అన్న పేరే జబల్‌పూర్ ఆయుధ, తుపాకీ బండ్ల ఫ్యాక్టరీల ఆంగ్ల పేరులోని అక్షరాల నుంచి పుట్టింది. నిస్సాన్ పెట్రోల్ అనే జపాను బండిని లైసెన్సు మీద 1969 నుంచి జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారు చేశారు. 1990లలో డీజిల్ ఇంజిన్‌తో కొద్దిపాటి సివిల్ బండ్లు కూడా వచ్చాయి, అవి అరుదు. అందువల్ల పెట్రోలు జోంగా మీ ముందు నిలబడితే మొదటి రెండు ప్రశ్నలకు దాదాపు జవాబు దొరికినట్టే. 2019లో మహేంద్రసింగ్ ధోనీ ఒక జోంగా కొన్నప్పటి నుంచి దాని పేరు తెలియనివాళ్లు తక్కువ.

దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ అది. పెట్రోలు తాగే తీరు చూసి పాత యజమానులు దానికీ డీజిల్ ఇంజిన్లు వేయించారు. విడిభాగాల కోసం తిరగాలి. రోజూ బజారుకు వెళ్లడానికి బండి కావాలంటే జోంగా వద్దు.

జిప్సీ ఈ జాబితాలో చిన్న తమ్ముడు. వింటేజ్ అనడానికి ఇంకా వయసు చాలదు. కానీ సైన్యంలో పనిచేసిందని కాగితం మీద తేలిగ్గా రుజువు చేయగలిగిన బండి ఇదే, ఎందుకంటే వేలాలు ఇటీవలివి, పత్రాలు ఇంకా చిరిగిపోలేదు. విడిభాగాలూ దొరుకుతాయి. చరిత్ర కంటే నమ్మకంగా తిరగడం ముఖ్యమైతే దీనికి మించింది లేదు.

కాగితాలు

సైన్యంలో ఉన్నంతకాలం బండికి మనలా ఆర్టీఓ నంబరు ఉండదు. పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన కొన్న ఏడాదిని చెప్పే రెండంకెలు, ఆ తర్వాత అక్షరం, వరుస సంఖ్య ఉండే ప్లేటు రక్షణ శాఖ ఇస్తుంది. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరాల నుంచి తప్పించిన బండిని మళ్లీ మామూలు పద్ధతిలో కొత్తగా రిజిస్టరు చేయించాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు సైనిక అధికారులు ఇచ్చిన ఫారం 21 అమ్మకపు ధృవపత్రం కావాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ప్రత్యేకంగా ఉంది.

ఇదే మీరు అడగాల్సిన కాగితం. ఫారం 21 గానీ, వేలం తర్వాత డిపో ఇచ్చిన అప్పగింత ఉత్తర్వు గానీ, కనీసం వాటి నకలు గానీ. పాత ఆర్‌సీ పుస్తకాల్లో "మాజీ సైనిక వాహనం" అన్న అర్థం వచ్చే మాట రాసి ఉండటం కూడా కద్దు. మరో చిన్న సూచన: తయారైన సంవత్సరానికి, మొదటి రిజిస్ట్రేషన్ తేదీకి మధ్య పదేళ్లో పదిహేనేళ్లో ఖాళీ ఉంటే ఆ మధ్యకాలంలో బండి ఎక్కడుందన్న ప్రశ్నకు సైన్యం ఒక జవాబు కావచ్చు. తయారైన ఏడాదే ఫలానా జిల్లాలో ప్రైవేటు పేరు మీద రిజిస్టరైతే సైన్యం ముచ్చట అక్కడితో ముగిసినట్టే.

ఆర్‌సీ ఒక బండిది, చాసిస్ ఇంకో బండిది అయ్యే మోసం పాత జీపుల్లో కొత్త కాదు. చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి, ఆర్టీఓ దగ్గర చేసేదీ ఇదే. అక్షరాల లోతు ఒకేలా ఉందా, చుట్టూ ఇనుము గ్రైండింగ్ చేసినట్టు పల్లంగా ఉందా చూడండి. ఇతర రాష్ట్రపు బండి అయితే ఫారం 28 నిరభ్యంతర పత్రం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

కొన్నాక ఆకుపచ్చ రంగు విషయం తెలుసుకోండి. 1989 నిబంధనల్లో 121వది రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ వేయకూడదంటుంది. అసలైన మాజీ సైనిక జీపు కూడా మీ పేరు మీదకు రాగానే ఆ రంగు హక్కు కోల్పోతుంది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని బండి అయితే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, ప్లేటు మీద వీఏ అక్షరాలు. కాకపోతే రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. డీజిల్ ఇంజిన్ వేసిన ఎంబీకి ఇక్కడ చిక్కు వస్తుంది.

ఇక ఏది తీసుకోవాలి?

ప్రపంచ యుద్ధం నాటి ఇనుమే కావాలంటే, చాసిస్ మీద నంబరు చదవగలిగే ఎడమచేతి ఫోర్డ్ లేదా విల్లీస్ తీసుకోండి, బాడీ జల్లెడలా ఉన్నా ఫరవాలేదు. రేకు మళ్లీ కొనవచ్చు, చాసిస్ కొనలేరు. నిగనిగలాడే బాడీ, నంబరు లేని చాసిస్ రెండూ కలిసి వస్తే వదిలేయండి. భారత సైన్యంతో అనుబంధం కావాలంటే ఫారం 21 ఉన్న జోంగా. అది పోషించలేమనుకుంటే కాగితాలున్న జిప్సీ. సెలవురోజు పొలం గట్టుదాకా వెళ్లొచ్చే సరదాకైతే 3బీని మించింది లేదు, దాన్ని సమితి జీపుగానే కొని సమితి జీపుగానే ప్రేమించండి. నా వరకు, నకిలీ నక్షత్రం ఉన్న ఎంబీ కంటే నిజాయతీ గల 3బీ మేలు.

మూడో ప్రశ్న, ఏ దళంలో తిరిగింది అన్నది, నేను ధరలో కలపను. కోహిమాలో పోరాడిందనీ, 1948లో కాశ్మీర్ వెళ్లిందనీ, జీపు కుంభకోణంలో (సైన్యం కోసం విదేశాల్లో జీపులు కొన్న వివాదాస్పద బేరంలో) 80 లక్షల రూపాయల ఒప్పందం మీద వచ్చిన 155 జీపుల్లో ఇదొకటనీ చెప్పేవారు తగులుతారు. చెప్పనివ్వండి, వినడానికి బాగుంటాయి. నంబరు ఇస్తే దళం పేరు చెప్పే రిజిస్టరేదీ యుద్ధకాలపు జీపులకు అందుబాటులో లేదు. ఫొటో చూపిస్తే అందులో బండి నంబరు కనిపించాలి, ఆ నంబరు రంగు పొరల కింద మీ బండి మీద కూడా కనిపించాలి. రెండూ కలిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

బేరం కుదిరాక అమ్మకపు ఒప్పందం మీద "ఈ వాహనం ఫలానా చాసిస్ నంబరు గల మాజీ సైనిక వాహనం, ఇది తప్పని తేలితే సొమ్ము తిరిగి ఇవ్వగలవాడను" అని ఒక వాక్యం రాయమనండి. నిజమైన బండి ఉన్నవాళ్లు కలం తీస్తారు. మిగతావాళ్లు టీ తాగుదాం రండి అంటారు.